బైరిడేగ వేటయు గణనయంత్రమును

వేటాడు పక్షులలో బైరిడేగ వేగమునకు బ్రసిద్ధి గాంచినది. ఇది అంటార్కిటికా తప్ప తక్కిన ఖండము లన్నిటను గలదు. మన దేశమున దీని యుపజాతి యొకటి షాహీను అను పేర నివసించుచున్నది. ఈ డేగ మిక్కిలి యెత్తున కెగిరి, దిగువ బోవుచున్న పక్షిని గనిపెట్టి, రెక్కలు ముడిచికొని దానిపై దుముకును. అట్లు దుముకునపుడు దాని వేగము గంటకు 300 కిలోమీటర్లకు మించును.

ఈ వేగమును గూర్చి విని యాశ్చర్యపడని వారుండరు. కాని శాస్త్రజ్ఞులు ఆశ్చర్యముతో దృప్తి నొందక, ఇంత వేగము వలన డేగకు గలుగు లాభమేమని ప్రశ్నించిరి. వడిగా బోవు బండిని మలుపు త్రిప్పుట కష్టమని మన మెఱుగుదుము. తప్పించుకొనుటకై యిటునటు మెలికలు తిరుగు చిన్నపక్షిని బట్టవలెనన్న, నెమ్మదిగా వచ్చుటయే మేలు గాదా? ఈ చిక్కు ఎట్లు విడినదో మా పాఠశాల బాలబాలికలకును వారి తలిదండ్రులకును వివరింప బూనుకొంటిమి.

డేగ తన వేటను సమీపించు త్రోవను గూర్చి మొదట విచారించినవారిలో అమెరికా దేశమందలి డ్యూక్ విశ్వవిద్యాలయమునకు జెందిన వాన్స్ టక్కర్ ముఖ్యుడు. డేగ కంటిలో మిక్కిలి సూక్ష్మముగా జూచు భాగము ముక్కునకు సూటిగా గాక, సుమారు 45 డిగ్రీలు ప్రక్కకు జూచుచుండును. తల త్రిప్పినచో గాలి తాకిడి హెచ్చి వేగము తగ్గును. కావున తల నిటారుగా నుంచి, వంకరత్రోవన వచ్చుట డేగకు లాభకరమని ఆయన 2000 సంవత్సరమున వ్రాసెను.

2017లో ఇంగ్లండునందలి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున గ్రేహం టేలర్ మొదలగువారు బైరిడేగలకు చిన్న కెమెరాలను, స్థానమును దెలుపు జీ.పీ.ఎస్. పరికరములను దగిలించి, అవి ఎరపై బడు తీరును బరిశీలించిరి. డేగ తుది దాడిలో బట్టు త్రోవ ఏ యొక్క సులభమైన రేఖకును లోబడదనియు, క్షిపణులను నడపుటకు ఇంజనీర్లు వాడు నియమమునకు జక్కగా సరిపోవుచున్నదనియు దేలినది.

ఆ నియమ మిట్టిది. రెండు బాటలు గలియు కూడలికి రెండు బండ్లు మాఱని వేగముతో వచ్చుచున్న వనుకొందము. మన బండినుండి చూడగా రెండవ బండి యెల్లప్పు డొకే దిక్కున గానవచ్చుచు దగ్గరగుచున్నచో, రెండును ఢీకొనుట నిశ్చయము. ఆ దిక్కు మాఱుచున్నచో నేదో యొకటి ముందుగా దాటిపోవును. బండి నడపువాడు ఢీకొనకుండుటకు జూచును; డేగ ఢీకొనుటకే చూచును. డేగ కంటినుండి వేటపక్షి వఱకు నొక గీత గీసినట్లు భావింపుడు. ఆ చూపుగీత ఎంత వడిగా దిరుగుచున్నదో, దానికి గొన్ని రెట్లు వడిగా డేగ తన గమనమును ద్రిప్పుకొనును. చూపుగీత సెకనునకు 10 డిగ్రీలు తిరిగినపుడు, రెట్ల సంఖ్య 3 అయినచో, డేగ సెకనునకు 30 డిగ్రీలు తిరుగవలెను. వేటపక్షి యెంత దూరమున నున్నదో, ఎంత వేగముతో బోవుచున్నదో లెక్కింప బనిలేదు. క్షిపణులలో నీ సంఖ్య సాధారణముగా 3 మొదలు 5 వఱకు నుండగా, డేగలలో 3 కంటె దక్కువగా గనబడినది.

త్రోవ తెలిసినది గాని, వేగమువలని లాభము తెలియలేదు. డేగను బిలిచి, నేడు వేయి మీటర్ల యెత్తునుండియు, ఱేపు నూఱు మీటర్ల యెత్తునుండియు దుముకుమని చెప్పజాలము గదా. నెదర్లండ్సునందలి గ్రోనింగెన్ విశ్వవిద్యాలయమున, షార్లట్ హెమెల్‌రైక్ గారి యొద్ద డాక్టరు పట్టమునకై పరిశోధించుచుండిన రాబిన్ మిల్స్, టేలరు గారితో గూడి, జీవముగల డేగకు బదులు కంప్యూటరునందు లెక్కల డేగను నిర్మించెను. పక్షుల దేహములను గొలిచి తెలిసికొనిన కొలతలు, రెక్కలపై గాలి చూపు బలము, కంటికిని రెక్కకును నడుమ జరుగు ఆలస్యము, చూపునందలి పొరపాటు – ఇవి యన్నియు సమీకరణములుగా నందు జేర్పబడినవి. వేటగా మన గోరువంకల కుటుంబమునకు జెందిన స్టార్లింగు పక్షి యట్లే నిర్మింపబడినది. అది యొకప్పుడు తిన్నగాను, ఒకప్పుడు మెల్లగా వంపులు తిరుగుచును, మఱియొకప్పుడు ఉన్నట్టుండి దిక్కు మార్చుచును బోవునట్లు చేసి, డేగ బయలుదేఱు స్థానమును, రెట్ల సంఖ్యను మార్చి మార్చి దాడులు జరిపించిరి. ఫలితములు 2018లో బ్రకటింపబడినవి.

వేటపక్షి ఉన్నట్టుండి దిక్కు మార్చునపుడు, ఎత్తునుండి దుముకు డేగయే యెక్కువ పర్యాయములు దానిని బట్టగలిగెను. దీనికి గారణములు రెండు. బండి మలుపు తిరుగుటకు నేల పట్టే యాధారము; వేగము హెచ్చినను ఆ పట్టు హెచ్చదు. పక్షికి గాలియే యాధారము. రెక్కలు ఒకే తీరున నుండగా వేగము రెట్టింపైనచో గాలి బలము నాలుగు రెట్లగును. కావున వడిగా వచ్చు డేగకు మలుపు తిరుగు బలము హెచ్చుగా జిక్కును. రెండవది, పక్షి మలుపు తిరుగుటకు ముందు ప్రక్కకు ఒరుగవలెను. బరువు లిరుకొనల వ్రేలాడు కావడితో గిఱ్ఱున దిరుగుట కష్టము. ఆ బరువులనే దేహమున కానించి పట్టుకొన్నచో సులభము. అట్లే రెక్కలు ముడిచిన డేగ త్వరగా నొరుగగలదు.

అయినను ఈ లాభము ఊరక రాదు. సెకనునకు 100 మీటర్లు పోవు డేగ, సెకనులో ఇరువదవవంతు ఆలస్యించినను ఆ లోపల 5 మీటర్లు దాటిపోవును. చూపును, అదుపును మిక్కిలి నిర్దుష్టముగా నుండి, రెట్ల సంఖ్య తగినట్లు అమరినపుడే దుముకు ఫలించునని ఆ పరిశోధన దెల్పినది. కన్ను తప్పిన చోట వేగము మేలు చేయదు.

యంత్రము చెప్పినదెల్ల సత్యమని నమ్మవచ్చునా యని కొందఱు సందేహింపవచ్చును. ఈ సందేహము న్యాయమైనదే. తప్పు కొలతలు వేసినచో యంత్రము తప్పు ఫలితమునే యిచ్చును. కాని యిచ్చట నొక విశేషము గలదు. ఏ రెట్ల సంఖ్యతో లెక్కల డేగ మిక్కిలి బాగుగా వేటాడెనో, ఆ సంఖ్య నిజమైన డేగలలో గనుగొన్న సంఖ్యకు మిక్కిలి సమీపముగా నుండెను. లెక్కయు బ్రకృతియు వేర్వేరు త్రోవల వచ్చి యొక్కచోట గలిసినపుడు మన నమ్మకము బలపడును. ఇంతమాత్రమున డేగలన్నియు నొకే విధముగా వేటాడునని తలపరాదు. చెట్లు పొదలు గల తావుల వేటాడు హారిస్ డేగ చూపుగీత తిరుగుడును మాత్రమే గాక, తాను బోవు దిక్కునకును వేట యున్న దిక్కునకును గల కోణమును గూడ లెక్కగొనునని 2019లో దెలిసినది.

కాపాడవలసిన ప్రదేశముల మీదికి వచ్చు డ్రోనులను బట్టుకొను చిన్న యంత్రములకు నీ నియమ ముపయోగపడగలదని శాస్త్రజ్ఞులు భావించిరి. మా విద్యార్థులకు అంతకంటె దగ్గఱి ప్రయోజనము గలదు. కోణములును, అనుపాతములును పరీక్షకు మాత్రమే పనికివచ్చునని తలంచువారు, మీదట నాకాశమున డేగ కానవచ్చినపుడు నిలిచి చూతురుగాక. ఆ పక్షి పలక పట్టకయే ప్రతి నిమేషమును ఆ లెక్కను జేయుచున్నది. మనమో, పలక పట్టిననే గాని దాని నెఱుగజాలము.