కొన్న వరుడు

చలనచిత్రము కాలక్షేపమునకే యని పలువురు తలతురు. సంఘమునకది యద్దమని మా యభిప్రాయము. ఇందులకు మూడు తెలుగు చిత్రములే సాక్ష్యము.

1938లో గూడవల్లి రామబ్రహ్మముగారు 'మాలపిల్ల' యందు హరిజనుల దేవాలయ ప్రవేశమును సమర్థించిరి. మరుసటి యేట 'రైతుబిడ్డ'లో జమీందారీ క్రింద రైతులు పడు నిడుములను జూపిరి. జమీందారులు కొందరు దానిని నిలుపజూచిరి. ఆ 1939లోనే మా తునికి జేరువనున్న కాకినాడవారగు సి. పుల్లయ్యగారు, కాళ్లకూరి నారాయణరావుగారి 'వరవిక్రయము' నాటకమును తెరకెక్కించిరి.

పిమ్మట శాసనములు వచ్చినవి. మదరాసు రాష్ట్రమున 1947లో దేవాలయ ప్రవేశమునకు, 1948లో జమీందారీ రద్దునకు చట్టములు పుట్టినవి. దేశమంతటికి వరకట్న నిషేధము 1961లో వచ్చినది. మొదటి రెంటిని సర్కారు చాలవరకు నడపగలిగెను. మూడవది కాగితము దాటలేదేమి? గుడి తలుపు అధికారి తెరిపింపవచ్చును. జమీని ప్రభుత్వము గైకొనవచ్చును. కట్నమన్ననో, ఇచ్చువారును పుచ్చుకొనువారును ఏకమై యింటిలోపల నడపు బేరము. శాసనము ఇరువురిని దోషులనుటచే నోరు విప్పువారుండరు.

'వరవిక్రయము'లో తండ్రి దుర్మార్గుడు కాడు. లోకాచారమునకు లొంగి భూమి నమ్మినవాడు. తన పెండ్లి తండ్రికి చేటగుట సహింపక కాళింది ప్రాణత్యాగము చేయును. ఆ పాత్రతోనే భానుమతిగారు చిత్రరంగమున కాలిడిరి. చెల్లెలు కమల యా వరునే పెండ్లాడి, సొమ్ము పోసి కొన్న వరుడు కొన్నవారి యింటనే యుండవలెనని నిలదీయును. దోషము ఒక్కరిది కాదు, ఆచారమున నున్నదని యా కథ చాటినది.

నేటి టెలివిజను ధారావాహికలలో కట్నపు పోరు తరచుగా గయ్యాళి యత్తగారి దుర్గుణమే. ఆమె తల వంచినంతనే కథ ముగియును, ఆచారము చెక్కుచెదరదు. మనమట్టివారము కామని చూపరులు తృప్తి చెందుదురు.

సోదరీమణులారా! "మాకేమియు వద్దు, మీ పిల్లకు మీరు పెట్టుకొనునది మీ ముచ్చట" యనుటయు బేరమే. కుమారుని పెండ్లిమాటలలో ఆ మాట మన నోట రానీయకుందము. కుమార్తె కిచ్చునది ఆమె పేరనే వ్రాయింతము. పిత్రార్జితమున కుమార్తెకును సమభాగమని 2005 నాటి శాసనము చెప్పుచున్నది. హక్కుగా రావలసినదానిని వరుని వెలగా చెల్లింపనేల?