పువ్వులుంటే చాలదు!

పెరట్లో కరివేపాకు మొక్క మీద ఆకులు కొరికే పచ్చని గొంగళిపురుగును మీరు చూసే ఉంటారు. కొన్నాళ్ళకు అదే నల్లని సీతాకోకచిలుకగా మారి ఎగిరిపోతుంది. ఆ పురుగుకు కరివేపాకు, నిమ్మ, నారింజ వంటి మొక్కల ఆకులే కావాలి. పక్కన గులాబీ ఉన్నా ముట్టదు. ఇలా గొంగళిపురుగులు చాలావరకు తమకు సరిపడే మొక్కలనే తింటాయి. ఈ సంగతి మరిస్తే సీతాకోకచిలుకలను కాపాడలేం. ఎలాగో తెలుసుకోవడానికి అమెరికాలోని అయోవా రాష్ట్రానికి వెళ్దాం.

ఒకప్పుడు ఆ రాష్ట్రంలో చాలా భాగం ప్రెయిరీయే. ప్రెయిరీ అంటే మనిషెత్తు గడ్డి, దాని మధ్య రకరకాల పూలమొక్కలు పెరిగే మైదానం. నేల సారవంతమైనది కావడంతో రైతులు దాన్ని దున్ని మొక్కజొన్న, సోయాచిక్కుడు పండించారు. ఇప్పుడు అక్కడ వెయ్యి ఎకరాల పాత ప్రెయిరీలో ఒక్క ఎకరమైనా మిగల్లేదు!

1991లో అక్కడ ఒక వన్యప్రాణి రక్షిత ప్రాంతం ఏర్పడింది. నేటి పేరు నీల్ స్మిత్. పాత చేలల్లో ప్రెయిరీ గడ్డి, పూలమొక్కల విత్తనాలు చల్లారు. కాని రీగల్ ఫ్రిటిలరీ అనే సీతాకోకచిలుక అక్కడ లేదు. నారింజరంగు ముందు రెక్కలు, నల్లని వెనుక రెక్కల మీద తెల్లని చుక్కలు గల అందగత్తె అది. పెద్దయ్యాక ఎన్నో పూల తేనె తాగుతుంది. దాని పిల్ల మాత్రం వయొలెట్ ఆకులు తప్ప మరేమీ తినదు! అందుకే అక్కడ ముందు వయొలెట్లు నాటారు. 2000లో ఆడ సీతాకోకచిలుకలను తెచ్చి వదిలారు.

ఆడది వేసవి చివర వెయ్యికి పైగా గుడ్లు పెట్టగలదు. వాటిని వయొలెట్ మీదే పెట్టాలన్న నియమం లేదు. గడ్డిలో అక్కడక్కడా పెడుతుంది. పొదిగిన పిల్ల ఏమీ తినకుండానే ఎండుగడ్డి కింద చలికాలమంతా గడుపుతుంది. వసంతంలో పాకుతూ వెళ్ళి వయొలెట్‌ను వెతుక్కోవాలి. దొరక్కపోతే చావే.

ఇంకో చిక్కు కూడా ఉంది. అప్పుడప్పుడు నిప్పు పెట్టకపోతే ప్రెయిరీలో పొదలు, చెట్లు పెరిగి గడ్డిని కప్పేస్తాయి. నిప్పు పెడితేనేమో ఎండుగడ్డిలో దాగిన పిల్లలు మాడిపోతాయి! మరి ఏం చేయాలి? మైదానమంతా ఒకేసారి కాల్చకూడదు. ఒక ఏడు ఒక ముక్క, మరో ఏడు మరో ముక్క కాల్చాలి. కాలని చోట బతికినవి ఎగిరివచ్చి, కాలిన చోట మళ్ళీ గుడ్లు పెడతాయి.

చూశారా! తేనెకు పువ్వు, పిల్లకు ఆకు, చలికాలానికి ఎండుగడ్డి — మూడూ ఉంటేనే అది రీగల్ ఫ్రిటిలరీకి ఇల్లు.

ఈసారి కరివేపాకు మీద పురుగు కనిపిస్తే దులిపేయకండి. రోజూ గమనించి, ఎన్నాళ్ళకు రెక్కలొస్తాయో రాసిపెట్టుకోండి.