మా జీపుకు జ్వరం వచ్చింది



కొండ గ్రామాల వైద్య శిబిరాలకు మేము వాడే ఫోర్ వీల్ డ్రైవ్ జీపు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. గత వర్షాకాలంలో ఒక రోజు పాడేరు ఘాట్ రోడ్డు సగం ఎక్కేసరికి టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటింది. ఆ రోజు శిబిరం జరగలేదు. బి.పి., షుగరు మాత్రల కోసం పొద్దుటి నుండి కాచుకున్న పెద్దలు ఉత్త చేతులతో ఇళ్లకు వెళ్లారు.

దానికి తోడు కంగారులో మాలో ఒకరు రేడియేటర్ మూత తిప్పారు. మూత బిగించి ఉన్నంతసేపు ఒత్తిడి వల్ల లోపలి నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత తీయగానే ఆవిరై చిమ్ముతుంది. అలాగే చిమ్మి ముంజేయి కాలింది. వెంటనే 20 నిమిషాలు చల్లని నీటి ధార కింద ఉంచి, శుభ్రమైన గుడ్డ కప్పాము. కాలిన చోట టూత్‌పేస్టు, సిరా, పసుపు రాయకండి.

మొదట చూపించిన షెడ్డులో రేడియేటర్ విప్పి శుభ్రం చేసి ఇచ్చారు. డబ్బు ఖర్చయింది, వేడి తగ్గలేదు. రెండవ చోట పెద్ద మెకానిక్ పానా పట్టకముందే ప్రశ్నలు వేశారు. "మైదానంలో వేడెక్కుతోందా, ఎత్తు ఎక్కేటప్పుడేనా అండీ? నీళ్లు తగ్గుతున్నాయా? కింద కారిన మరక ఉందా?" నీళ్లు తగ్గుతున్నాయి, మరక లేదు అని చెప్పాము.

ఆయన చల్లటి ఇంజన్ మీద మూత తీసి స్టార్ట్ చేయించారు. నీటిలో బుడగలు ఆగకుండా వచ్చాయి. హెడ్ గాస్కెట్ పోయి, సిలిండర్‌లోని వాయువు నీటి దారిలోకి వస్తోందని తేల్చారు. ఆయిలు చూస్తే పాల కాఫీ రంగుకు మారలేదు. నీరు అందులో కలవలేదన్నమాట. హెడ్ విప్పి, లేతు షెడ్డులో చదును చేయించి, కొత్త గాస్కెట్ వేసి, బోల్టులను మధ్య నుండి బయటికి విడతలుగా బిగించారు. వదులైన ఫ్యాన్ బెల్టు కూడా మార్చారు. అప్పటి నుండి ముల్లు మధ్యలోనే ఉంటోంది.

పాత వాహనం ఉన్నవారు గమనించవలసినవి:

1. రోజూ బయలుదేరే ముందు, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు నీరు, ఆయిలు చూడండి.
2. డీజిల్ బండికి నల్ల పొగ వస్తే ముందు ఎయిర్ ఫిల్టరు చూడండి. నీలం పొగ అయితే ఆయిలు కాలుతోంది. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే మెకానిక్‌కు చూపించండి.
3. ఘాట్ దిగేటప్పుడు చిన్న గేరులో దిగండి. న్యూట్రల్ చేయవద్దు, బ్రేకులు కాగి పట్టు తప్పుతాయి.

జ్వరం రోగం కాదు, రోగ లక్షణం. కారణం తెలియకుండా మాత్ర మింగితే ఏమవుతుందో మా జీపు మాకే నేర్పింది. మీరూ మందుల షాపుకు వెళ్లే ముందు డాక్టరుగారి ప్రశ్నలకు ఓపికగా జవాబు చెప్పండి.