తాకకయే ఇచ్చిపుచ్చుకొను తీగలు

హైదర్‌గూడ నుండి నారాయణగూడకు నడచువారికి దారిప్రక్కన కంచె నడుమ రెక్కలుగల ఇనుపపెట్టెలు కనుపించును. వీనినే ట్రాన్సుఫార్మర్లందురు, పాఠ్యపుస్తకములలో పరివర్తకమను పేరు కలదు. పేరేదైనను, దాని ప్రక్కనే చెత్త పోయుట మనవారికి అలవాటయినది.

ఈ పెట్టెలోనికి 11,000 వోల్టుల విద్యుత్తు వచ్చును. ఇండ్లకు వెలువడునది సుమారు 250 వోల్టులు. చిత్రమేమనగా, వచ్చు తీగయు పోవు తీగయు లోపల ఎచ్చటను కలిసికొనవు. 1831 ఆగస్టు 29న లండనులో మైకేల్ ఫారడే ఒక ఇనుప కడియమునకు ఇరువైపుల వేరువేరు తీగలు చుట్టి చేసిన పరీక్షయే దీనికి మూలము. ఒక చుట్టలో ప్రవాహము మొదలైనపుడును, ఆగినపుడును మాత్రమే రెండవ చుట్టకు కలిపిన సూచి కదలినది. ప్రవాహము నిలకడగా నున్నపుడు కదలలేదు. అనగా అయస్కాంతత్వము ఉండుట చాలదు, మారుచుండవలెను. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులతో దిశ మార్చుకొనుచుండును గనుక ఆ మార్పునకు విరామము లేదు. అది ప్రతి చుట్టునందును సమానమైన వోల్టేజిని పుట్టించును. కావున ఒకవైపు 44 చుట్లకు రెండవవైపు ఒక చుట్టు చొప్పున నున్నచో 11,000 వోల్టులు 250 అగును.

అంత వోల్టేజి మొదట ఏల? 11,000 వాట్లను 250 వోల్టులతో పంపిన 44 ఆంపియర్లు పారవలెను. 11,000 వోల్టులతో పంపిన ఒక్క ఆంపియరు చాలును. వేడి ప్రవాహపు వర్గమును బట్టి పెరుగును గనుక అదే తీగలో నష్టము 1,936వ వంతుకు దిగును. 1920లో నెలకొల్పిన హుస్సేన్‌సాగరపు విద్యుత్కేంద్రము ఊరి చెంతనే యుండెడిది. ఆ భవనము నేడు లేదు. రామగుండము వంటి దూరప్రదేశముల నుండి వచ్చు శక్తికి ఈ లెక్కయే ఆధారము.

తక్కువ వోల్టేజి చుట్ట ఇనుప చట్రమునంటి యుండును. 11,000 వోల్టులను ఇనుమునకు దూరముంచుటకై రెండవ చుట్టను దానిపై చుట్టుదురు. చుట్లను వేరుచేయునది కాగితము. అంతయు నూనెలో మునిగియుండును. నూనె వేడిని రెక్కలకు చేర్చును. మే నెల రాత్రి వీధిలోని ఏసీలన్నియు ఒక్కమారు నడచునపుడు ఈ కాగితమే కష్టపడును. చుట్టలోని మిక్కిలి వేడి స్థానము 98 డిగ్రీలు దాటిన పిమ్మట ప్రతి 6 డిగ్రీలకు దాని క్షయవేగము రెట్టింపగునని ఇంజనీర్ల లెక్క. కాగితము పెళుసై రెండు చుట్లు తాకినచో, ఆ చిన్న వలయములోనే పెద్ద ప్రవాహము తిరిగి చుట్ట కాలును. నూనె మండు ద్రవ్యము. ప్రక్కనున్న చెత్తకు నిప్పుపెట్టువారికి ఇది తెలియునో లేదో!

సంక్రాంతి సెలవులకు ముందు ఉపాధ్యాయులు తరగతిలో ఈ పాఠమే చెప్పుట మేలు. తెగిన గాలిపటము కంచెలో చిక్కును, పిల్లవాడు దూకును. పెట్టెపై నిలిచిన పింగాణి కొమ్ముల కొనలకు సాధారణముగా ఏ తొడుగును ఉండదు. అచ్చటి విద్యుత్తు దుముకుటకు చేయి తగులనక్కరలేదు, మిక్కిలి దగ్గరైనను చాలును.