ఆడిటరు రాకముందే అంకెలు కలవాలి

ఖరగ్‌పూరులో రైల్వే వర్క్‌షాపు వెలసిన నాటి నుండి ఆ పట్టణంలోను, దాని పొరుగున ఉన్న హిజ్లీలోను తెలుగు కుటుంబాలు స్థిరపడి ఉన్నాయి. అట్టి ఒక కుటుంబం హిజ్లీలో నడుపుతున్న చిన్న ఎరువుల కంపెనీకి ఋణ పునరుద్ధరణ నిమిత్తం వెళ్లాను. నగదు పుస్తకం పెద్దాయన తెలుగులో వ్రాస్తారు. రవాణా రసీదులు బెంగాలీలో, బ్యాంకు స్టేట్‌మెంటు ఆంగ్లంలో ఉన్నాయి. భాషలు మూడైనా తప్పు లేదు. అంకెలు మూడైతేనే చిక్కు.

బ్యాంకుకు ఇచ్చిన నిల్వ పట్టికలో 400 బస్తాలు. గోదాములో లెక్కించగా 352. తక్కిన 48 బస్తాలు తెలిసినవారికి బిల్లు లేకుండా అరువిచ్చినవని తేలింది. ఇందులో మోసం లేదు. అయినను నాట్ల వేళకు సరుకు తెచ్చుకోవలసిన తరుణంలో పునరుద్ధరణ మూడు వారాలు ఆగిపోయింది.

పాఠకులారా, మీ సంస్థ కంపెనీగా నమోదై ఉన్నచో, అమ్మకాలు ఎంత స్వల్పమైనను ఆడిట్ తప్పదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలను, ఓచర్లను 8 సంవత్సరాలు భద్రపరచవలెను. కంప్యూటరులో లెక్కలు వ్రాసేవారి సాఫ్ట్‌వేరు, 2023 ఏప్రిల్ 1 నుండి, ప్రతి దిద్దుబాటును తేదీతో నమోదు చేసేదై ఉండవలెను. రైతుల ఉత్పత్తిదారుల కంపెనీలకు చార్టర్డ్ అకౌంటెంటుచే అంతర్గత ఆడిట్ కూడ తప్పనిసరి.

కావున మార్చి 31 సాయంకాలమే గోదాములోని సరుకు లెక్కించి, ఆ కాగితంపై సంతకం చేయండి. ఎరువుల విక్రేతలు పి.ఓ.ఎస్. యంత్రంలోని నిల్వతో కూడ సరిచూసుకోవలెను. ఓచర్లను తేదీల వారీగా కట్టలు కట్టండి. బాకీదారుల నుండి బాకీ ఖరారు పత్రాలు తీసుకోండి.

తరువాత బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక తయారు చేయండి. ఉదాహరణకు నగదు పుస్తకంలో బ్యాంకు నిల్వ రూ. 2,86,000, స్టేట్‌మెంటులో రూ. 2,69,800 అనుకుందాం. మీరిచ్చిన రూ. 45,000 చెక్కు ఇంకా చెల్లింపుకు రాలేదు. మీరు జమకు వేసిన రూ. 60,000 చెక్కు వసూలు కాలేదు. రూ. 1,200 బ్యాంకు ఛార్జీలను మీరు వ్రాసుకోలేదు. మొదటి అంకెకు 45,000 కలిపి, 60,000, 1,200 తీసివేయగా రెండవ అంకె వచ్చును. ఛార్జీలను మాత్రం పుస్తకంలో ఎక్కించవలెను.

ఇది చిన్న పని అనుకోరాదు. హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ పుస్తకాలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో రూ. 5,040 కోట్లు లేనివేనని ఆ సంస్థ అధ్యక్షుడే 2009 జనవరి 7న లేఖ ద్వారా వెల్లడించారు. అందుకే మీ ఆడిటరు నిల్వ ధ్రువీకరణను బ్యాంకు నుండి నేరుగా కోరినచో నొచ్చుకోకండి. అది మీ మాటకు బలమే.

హిజ్లీ పెద్దాయన నేడు అరువిచ్చిన బస్తాకు సైతం ఆనాడే బిల్లు వ్రాస్తున్నారు. మీరును ఈ సాయంకాలమే ఒకసారి గోదాము తలుపు తీసి, బస్తాలు లెక్కించి చూడండి.