కాందిశీకుల ఉపాధి – పౌరసత్వ ప్రమేయం

'కాందిశీకుడు' అనే పదానికి మూలం 'కాం దిశమ్', అనగా 'ఏ దిక్కుకు' అనే ప్రశ్న. ఆశ్రయం దొరికిన పిమ్మట అది 'ఏ పనికి' అనే ప్రశ్నగా మారుతుంది. దానికి సమాధానం నైపుణ్యం కంటే పౌరసత్వంపైనే ఎక్కువగా ఆధారపడుతుందని శ్రీలంక నుండి వచ్చిన తమిళుల చరిత్ర నిరూపిస్తుంది.

1964 నాటి సిరిమావో–శాస్త్రి ఒప్పందం ద్వారా 5,25,000 మంది భారత సంతతివారిని పౌరులుగా స్వీకరించడానికి మన దేశం అంగీకరించింది. వారికి, బర్మా నుండి తిరిగివచ్చినవారికి పునరావాసం కల్పించేందుకు 1969లో రెప్కో బ్యాంకు ఏర్పడింది. పునరావాసంలో లోపాలున్నప్పటికీ, రుణమైనా ఉద్యోగమైనా పౌరులుగా అడిగే హక్కు వారికి లభించింది.

1983 తరువాత యుద్ధానికి వెరచి వచ్చినవారి స్థితి వేరు. తిరుపతి జిల్లా తడ దాటి దక్షిణానికి వెళితే తమిళనాడులోని గుమ్మిడిపూండిలో వారి శిబిరం కనిపిస్తుంది. పక్కనే పారిశ్రామికవాడ ఉన్నా, అటువంటి శిబిరాలలోని పురుషులు అనేకులు గోడలకు రంగులు వేసే దినకూలీలుగానే మిగిలారు. ఇక్కడే పుట్టి పట్టభద్రులైనా, పౌరసత్వం లేనివారికి ప్రభుత్వోద్యోగం దాదాపు అందని మ్రానిపండే. 1951 నాటి అంతర్జాతీయ శరణార్థి ఒప్పందంలోని 17వ అధికరణం వేతనోపాధిని ప్రస్తావిస్తుంది. కాని భారతదేశం అందులో భాగస్వామి కాదు.

2021లో తమిళనాడు ప్రభుత్వం ఈ శిబిరాలను 'పునరావాస శిబిరాలు'గా వ్యవహరించాలని నిర్ణయించింది. పేరులోని గౌరవం ఆహ్వానించదగినదే. అయితే పనిచేసే హక్కు చట్టబద్ధం కానంతవరకు ఆ పునరావాసం అసంపూర్ణమే.