ఓనర్ దగ్గర డూప్లికేట్ తాళం ఉందా? అయితే ఈ ఎపిసోడ్ మీకే

ఈరోజు టాపిక్ నాకు జరిగిందే, కాబట్టి సూటిగా చెప్పేస్తా.

రెండేళ్ల కింద కూకట్‌పల్లిలో నేనూ నా ఫ్రెండూ ఒక పోర్షన్‌లో ఉండేవాళ్లం. ఒకరోజు నైట్ షిఫ్ట్ చేసొచ్చి పడుకున్నా. ఫ్రెండ్ బయట తాళం వేసుకుని ఆఫీస్‌కి వెళ్లింది. మాటలు వినిపించి లేచి చూస్తే హాల్లో ఓనర్ ఆంటీ, వెనకాల ఎవరో భార్యాభర్తలు! మేం నెలాఖరుకి ఖాళీ చేస్తామని చెప్పాం కదా, కొత్తవాళ్లకి ఇల్లు చూపిస్తున్నారు. "బెల్ కొట్టాల్సింది కదా ఆంటీ" అంటే, "మా ఇంటికి మేం రావడానికి బెల్ ఏంటమ్మా?" అన్నారు. ఏం చెప్పాలో తెలీలేదు. తర్వాత వెతికి తెలుసుకున్నదే ఇది.

ఆంటీ మాటలో సగం నిజం. ఇల్లు ఆవిడదే. కానీ అద్దెకిచ్చాక స్వాధీనం మనది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 108 చూడండి. అద్దె కడుతూ, ఒప్పుకున్న షరతులు పాటిస్తున్నంత కాలం అడ్డంకి లేకుండా ఉండొచ్చు అంటుంది. అదే సెక్షన్‌లో మనకి నచ్చని మాట కూడా ఉంది. ఇంటి పరిస్థితి చూసుకోవడానికి ఓనర్‌ని తగిన వేళల్లో రానివ్వాలి. సో, "అసలు రావద్దు" అని మనమూ అనలేం.

తగిన వేళ అంటే ఎప్పుడు? చట్టం చెప్పలేదు. గొడవంతా అక్కడే. 2021లో కేంద్రం తెచ్చిన మోడల్ టెనెన్సీ యాక్ట్ మాత్రం క్లియర్‌గా చెప్పింది. 24 గంటల ముందు రాసి గానీ, ఎలక్ట్రానిక్‌గా గానీ నోటీస్ ఇవ్వాలి. ఎందుకొస్తున్నారో, ఎప్పుడొస్తున్నారో అందులో ఉండాలి. రాత్రిపూట కుదరదు. అగ్గి, వరద లాంటివైతే వేరే సంగతి. బాగుంది కదా? కానీ అది మోడల్, అంటే నమూనా. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే మనకి వర్తిస్తుంది. చాలా వీడియోల్లో ఈ ముక్క చెప్పరు.

అందుకే మనకి అసలు ఆయుధం అగ్రిమెంట్. 11 నెలలకి రాసుకుంటామే, చదవకుండా సంతకం పెట్టేస్తామే (నేనూ అంతే), అదే. "ఓనర్ ఎప్పుడైనా రావచ్చు" అని ఉంటే సంతకానికి ముందే కొట్టేయించండి. దాని బదులు ఇది రాయించండి: "ఓనర్ 24 గంటల ముందు వాట్సాప్‌లో చెప్పి, అద్దెకున్నవాళ్లు ఉన్నప్పుడే రావాలి. అత్యవసరమైతే ఫోన్ చేసి రావచ్చు."

ఒకటి మాత్రం వేరు. బాత్రూమ్‌లోనో బెడ్‌రూమ్‌లోనో సీక్రెట్ కెమెరా కనిపిస్తే ఓనర్‌తో మాట్లాడుతూ కూర్చోకండి. అది క్రైమ్. దాన్ని ముట్టుకోకుండా 112కి కాల్ చేయండి.

ఆంటీకి ఆ సాయంత్రమే మెసేజ్ పెట్టా. "ఎవరైనా చూడ్డానికి వస్తే ముందురోజు చెప్పండి ఆంటీ, 5 తర్వాత ఉంటాం." రోజంతా రిప్లై లేదు. మర్నాడు బొటనవేలు ఎమోజీ ఒకటి వచ్చింది. తర్వాత ఇల్లు చూడ్డానికి ముగ్గురొచ్చారు, మూడుసార్లూ ముందే మెసేజ్ వచ్చింది.

ఇప్పుడున్న ఇంట్లో ఓనర్ అంకుల్‌ని ఆ లైన్ రాయమని అడిగా. కాసేపు నా మొహం చూసి, పెన్ను తీసి ఆయనే రాశారు.